కవిసభలో మొదటిసారి చదవబోతున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడేళ్ళుగా ఫోన్లో కవితలు రాసుకుంటున్నావు, ఇంట్లో ఎవరికీ చూపించలేదు, నీ స్నేహితుడు నీకు చెప్పకుండానే విజయనగరంలో నెలనెలా జరిగే కవిసభకి నీ పేరు ఇచ్చేశాడు, వచ్చే ఆదివారం చదవాలి, తలుచుకుంటేనే టెన్షన్. నువ్వు అడిగినవి నాలుగు. డబ్బులేమైనా కట్టాలా, మన యాసలో రాసింది చదివితే నవ్వుతారా, ఏ కవిత చదవాలి, ఫోన్ చూసి చదవొచ్చా. నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. పద్నాలుగేళ్ళుగా ఇలాంటి సభ ఒకటి నడిపేవాళ్ళలో ఒకదాన్ని. మా స్కూలు పిల్లలకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడివి అయి ఉంటావు, అందుకని నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. సభలో కవిత చదవడానికి పైసా కట్టక్కర్లేదు. హాలు అద్దెకో టీకో తలా కొంత వేసుకునే చోట్లు ఉంటాయి, అది వేరు, అది కూడా చదువుకునే పిల్లల దగ్గర ఎవరూ తీసుకోరు. సంకలనంలో కవిత వేస్తాం ఐదొందలు పంపండి, ప్రశంసాపత్రం ఇస్తాం మూడొందలు పంపండి అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లకి మాత్రం జవాబు ఇవ్వకు. లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ కవిసమ్మేళనాలు మొదలైనప్పటి నుంచి మా గ్రూపుల్లోకి ఇవి వస్తూనే ఉన్నాయి. ఆ పత్రం బీరువాలో ఉంటుంది, నీ కవితలో ఒక్క అక్షరం కూడా బాగుపడదు.

ఇక యాస. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నీ ప్రశ్నలో అసలు భయం ఇదేనని నాకు అనిపించింది.

ఆరేడేళ్ళ కిందట గజపతినగరం వైపు నుంచి ఒక కుర్రాడు మా సభకి వచ్చాడు. నీలాగే మొదటిసారి. వలస మీద కవిత చదివాడు. వలస విహంగమై ఎగిరిపోయిన ఓ జనకుడా, నీ రాకకై నిరీక్షించే నా నయనాలు, అని మొదలుపెట్టి అలాంటివే ముప్ఫై లైన్లు. మర్యాదగా చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక గంటస్తంభం దగ్గర టీ తాగుతూ, మీ నాన్నగారు నిజంగా వలస వెళ్ళారా బాబూ అని అడిగాను. అవునండీ అని చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న ఎలిపోయేటప్పుడు ఆ ఊరికని కొత్త చెప్పులు కొనుక్కున్నాడట, పాతవి ఇంట్లోనే వదిలేశాడట. "అమ్మ ఆ పాత సెప్పులు రోజూ రేతిరి తుడిసి గుమ్మం కాడ పెడతాదండి. ఇంట్లో మగోడున్నాడని దొంగలు అనుకోవాలని." గ్లాసు చేతిలో పట్టుకుని మామూలుగా చెప్పేశాడు. మా నలుగురికీ మాట రాలేదు. మాలో పెద్దాయన ఒకరు, "ఇది కదరా నాయినా కవిత, అక్కడెందుకు చదవలేదు?" అన్నారు. "ఇది మామూలు మాట కదండీ" అన్నాడు ఆ అబ్బాయి.

తర్వాతి నెల వచ్చాడు. ఈ లైన్లు నా నోట్‌బుక్‌లో ఇంకా ఉన్నాయి.

నాన్న సెప్పులు
పగలంతా మంచం కింద
రేతిరయితే గుమ్మం కాడ
అమ్మ తుడిసి పెడతాది
ఇంట్లో మగోడున్నాడని
ఈదికి తెలియాలని

చదివాక హాల్లో ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా వెంటనే రాలేదు. వెనక వరసలోంచి ఒకావిడ, మరోసారి చదువు బాబూ అంది. చదివాడు. అసలు ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితంలో దీని కింద ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి, ఇదే మా వలస బతుకు, ఇదే మా ఉత్తరాంధ్ర గోస, అని. మొదటిసారి అవి కూడా చదివాడు. రెండోసారి 'తెలియాలని' దగ్గరే ఆగిపోయాడు. ఎవరూ చెప్పలేదు. మొదటిసారి చదివినప్పుడు, ఆ నాలుగు లైన్లు మొదలవగానే హాల్లో గాలి మారిందని అతనికే తెలిసింది. నేను నీకు చెప్పదలుచుకున్నది మొత్తం ఇందులో ఉంది. సభలో చదవడమంటే పూర్తయిపోయిన కవితని తెచ్చి చూపించడం అని అనుకుంటున్నావు, అందుకే చేతులు వణుకుతున్నాయి. సభలో చదవడం రాయడంలో భాగమే. కాగితం మీద నీకు కనపడని తప్పు నలుగురి ముందు నోరు తెరిచిన మరుక్షణం వినపడుతుంది.

ఇది ఈ ఊరికి కొత్తేమీ కాదు. 'కన్యాశుల్కం' మొదట ఆడింది 1892లో, మన విజయనగరంలోనే. అచ్చయింది 1897లో. అంటే జనం చెవిలో పడ్డాక ఐదేళ్ళకి పుస్తకం అయింది. ఆ తర్వాత కూడా గురజాడ ఊరుకోలేదు, బాగా పెంచి మార్చి 1909లో మళ్ళీ వేశారు. మనం ఇవాళ చదివేది ఆ రెండోదే. ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథలు రాత్రంతా కూర్చుని విన్న ఊరు ఇది. 1919లో పెట్టిన మన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఇక్కడి జనానికి చెవి ఉంది తమ్ముడూ, నమ్ము. నువ్వు చదివింది అర్థం కాలేదంటే చాలాసార్లు లోపం వాళ్ళది అయి ఉండదు.

యాస గురించి భయపడే ముందు ఇంకో సంగతి గుర్తు పెట్టుకో. పుస్తకాల భాష వద్దు, జనం మాట్లాడే భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ తేదీనే రాష్ట్రమంతా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సభల్లో మైకు ముందు నిలబడి 'మాతృభాషా మకరంద మాధుర్యం' అని చదివేవాళ్ళని ఎంతమందిని విన్నానో. వంగపండు ప్రసాదరావు గారు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి బయల్దేరి 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అని పాడితే తెలుగువాళ్ళంతా పాడారు. 'వెళ్దాం వస్తావా' అని రాసుంటే ఎవరైనా పాడేవారా?

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. యాసని అలంకారంగా వాడకు. నిలువెల్లా గ్రాంథికం రాసి మధ్యలో రెండు చోట్ల 'ఏటి', 'గుంటడు' అని వేస్తే అది వేషం. నీ ఇంట్లో ఆ మాట ఎవరు అంటారో, ఏ సందర్భంలో అంటారో ఆ గొంతు నీకు వినపడుతుంటే రాయి. అమ్మ గొంతుకి యాస వచ్చి, నువ్వు ఆలోచించుకునే చోట మామూలు భాష వస్తే రానీ, తప్పు లేదు, మనం మాట్లాడేదీ అలాగే కదా. రాసేటప్పుడు స్పెల్లింగ్ ఒక్కటే పద్ధతిగా పెట్టుకో, ఒక లైన్లో 'రేతిరి', ఇంకో లైన్లో 'రాత్రి' అని ఉంటే చదివేటప్పుడు నాలుక తడబడుతుంది.

ఏ కవిత చదవాలి? నీ దగ్గర ఎన్ని ఉన్నా రెండే పట్టుకెళ్ళు. ఒకటి చదవడానికి, ఒకటి రిజర్వులో. నీకంటే ముందు ఎవరైనా అదే విషయం మీద చదివేస్తే రెండోది తీయొచ్చు. ఇరవై, ఇరవై నాలుగు లైన్లు దాటనివ్వకు. చదివే వాడికి ఐదు నిమిషాలు ఇస్తారు, అంతా వాడుకోవాలని ఏమీ లేదు. నీ కవితల్లో గొప్పది ఏదో నువ్వు ఇప్పుడే తేల్చుకోలేవు కానీ, ముందుమాట లేకుండా అర్థమయ్యేది ఏదో తేల్చుకోగలవు. అది తీసుకో. ఈ కవిత నేను ఫలానా సందర్భంలో, ఫలానా బాధలో అని చెప్పుకుంటూ పోయే కవుల్ని ఆదివారం నువ్వే చూస్తావు. నాలుగు నిమిషాల ఉపోద్ఘాతం, రెండు నిమిషాల కవిత. శీర్షిక చెప్పు, ఒక్క క్షణం ఆగు, మొదలుపెట్టు. అంతే. నానీలు రాసే అలవాటు ఉంటే ఒక మాట. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు, వినేవాడు సర్దుకుని కూర్చునే లోపల అయిపోతుంది. అందుకని నాలుగైదు మించి చదవకు, ఒక్కొక్కటీ రెండుసార్లు చదువు, మధ్యలో ఊపిరి తీసుకో. పది నానీలు గబగబా చదివేస్తే ఒక్కటీ నిలవదు.

ఇప్పటి నుంచి ఆదివారం దాకా రోజూ ఒకసారి గట్టిగా చదువు. మనసులో చదువుకోవడం లెక్కలోకి రాదు. ఫోన్లో రికార్డు చేసి, వెంటనే వినకుండా మర్నాడు పొద్దున్న విను. నీ నోరు ఎక్కడ తిరగట్లేదో, ఏ లైను దగ్గర నీకే విసుగొస్తోందో తెలుస్తుంది. నోరు తిరగని చోట మాట మార్చెయ్. వచనకవిత్వానికి ఛందస్సు లేదు కాబట్టి నడక కూడా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, అది నీ ఊపిరిలో ఉంది. గురజాడ ముత్యాలసరం అనే మాత్రాఛందస్సులో రాసిన గేయం ఒకటి తీసుకుని తకిట తకధిమి అని చేత్తో తట్టుకుంటూ చదివి చూడు. మూడు, నాలుగు మాత్రలు, మళ్ళీ మూడు, నాలుగు. మనిషి నడిచినట్టే ఉంటుంది. అలా రాయమని చెప్పట్లేదు, కానీ ఒక వారం దాన్ని నోట్లో పెట్టుకుంటే నీ వచనంలో ఎక్కడ కుంటుతోందో నీకే పట్టుబడుతుంది. కాగితం మీద ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో నిలువు గీత గీసుకో. నేను ఇప్పటికీ గీసుకుంటాను.

ఫోనా, కాగితమా? కాగితమే. ఫోన్ చూసి చదివితే ఎవరూ ఏమీ అనరు, అందరూ చదువుతున్నారు. కానీ చిన్న స్క్రీన్ మీద పెద్ద లైను రెండు ముక్కలై కిందికి దిగిపోతుంది, నువ్వు ఆగకూడని చోట ఆగుతావు. మధ్యలో స్క్రీన్ ఆరిపోతుంది, లేదా ఎవరో ఫోన్ చేస్తారు. మా సభలో ఒకాయన తండ్రి మీద రాసిన కవిత చదువుతుంటే సరిగ్గా చివరి లైన్ల దగ్గర లోన్ కావాలా అని కాల్ వచ్చింది. పాపం, మళ్ళీ మొదటి నుంచి చదవలేకపోయాడు, గొంతు పట్టేసింది. పెద్ద అక్షరాలతో, లైన్ల మధ్య జాగా వదిలి, ఒక పక్కనే ప్రింటు తీయించుకో. పది రూపాయలు అవదు. రెండు పేజీలయితే పిన్ను కొట్టకు, మొదటి కాగితం తిప్పే చప్పుడు మైకులో వినిపిస్తుంది, పక్కకి జరిపితే సరిపోతుంది. చెయ్యి వణికితే కాగితం కింద అట్టముక్కో పుస్తకమో పెట్టి పట్టుకో, వణుకు పైకి తెలియదు. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి, కాస్త పక్కకి. ఎదురుగా పెట్టుకుంటే 'ప', 'భ' వచ్చినప్పుడల్లా టపటపమంటుంది. ఊది చూడకు, తట్టి చూడకు, నీకు ముందు చదివినవాళ్ళకి పనిచేసింది కదా, నీకూ పనిచేస్తుంది. గొంతు పెంచాల్సిన పని మైకుది. చాలామంది కుర్రాళ్ళు ఆవేశంగా చదవాలని అరుస్తారు, మూడో లైనుకే జనం చెవులు మూసుకుపోతాయి. పిల్లలకి కథ చెప్పే గొంతుతో చదువు.

చదివాక? ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. తమ కవిత చదివేసి, ఫోటో తీయించుకుని వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోకు. ఒక సభలో పన్నెండు మంది చదివితే ఐదు నిమిషాలు నీవి, మిగతా యాభై ఐదు నిమిషాలూ నీకు బడి. అవధాని గారి పద్యం నీకు నచ్చకపోవచ్చు, పక్కనే రిటైర్డ్ కండక్టర్ చదివిన గేయం నచ్చొచ్చు, విను. విన్న వాటిలో గుర్తుండిపోయిన ఒక్క లైను రాసుకుని, సభ అయ్యాక ఆ మనిషి దగ్గరికి వెళ్ళి ఈ లైను నాకు గుర్తుండిపోయిందండీ అని చెప్పు. ఎంత పెద్ద కవికైనా అంతకన్నా కావలసింది ఉండదు. నీ కవిత గురించి అడిగేటప్పుడు కూడా 'ఎలా ఉందండీ' అని అడగకు. బాగుందండీ అంటారు, ఆ మాటతో నువ్వు చేసుకునేదేమీ లేదు. ఏ లైను గుర్తుందండీ అని అడుగు. ముగ్గురు ఒకే లైను చెప్తే నీ కవిత అక్కడ ఉంది. ఎవరూ ఏదీ చెప్పలేకపోతే బాధపడకుండా ఇంటికెళ్ళి మళ్ళీ రాయి.

వీడియో తీసి అప్పుడే ఫేస్‌బుక్‌లో పెట్టమని స్నేహితులు అంటారు. కాస్త ఆగు. చాలా పత్రికలు, పోటీలు హామీపత్రంలో సోషల్ మీడియాలో కూడా రాలేదని రాయించుకుంటాయి. కవితని పత్రికకి పంపే ఆలోచన ఉంటే ముందు అది చూసుకో. ఎలాగూ సభ తర్వాత మార్పులు చేస్తావు, మార్చకముందుది ఊరంతా తిరగడం ఎందుకు.

నీ ప్రశ్న కింద శ్రీకాకుళం నుంచి ఒకరు, మా దగ్గర ఇలా నెలనెలా లేదు, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. వారికి నాలుగు మాటలు. ఉగాది, ఆగస్టు 29, సెప్టెంబరు 21 గురజాడ జయంతి, ఇలాంటి రోజుల్లో అందరూ సభ పెడతారు, ఆ రోజు కవులు కూడా నాలుగు చోట్లకి పరిగెడుతుంటారు. మీరు ఏ విశేషమూ లేని ఆదివారం పెట్టండి, ప్రతి నెలా అదే ఆదివారం, అదే వేళ, అదే చోటు. గ్రంథాలయం గది అయినా స్కూల్లో తరగతి గది అయినా చాలు, పాతికమంది ఉంటే మైకు కూడా అక్కర్లేదు. మొదటి నెల ఏడుగురు వస్తారు, మూడో నెల నలుగురే వస్తారు, ఆ మూడో నెల మానకండి. వేదిక వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయండి. చదివిన ప్రతి కవితదీ ఒక కాపీ తీసుకుని తేదీ వేసి ఫైల్లో పెట్టండి. కథకి మీ ఊళ్ళోనే కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో కథానిలయం అని కథల కోసమే ఒక గ్రంథాలయం పెట్టి ఒక్కొక్క కథా వెతికి పోగుచేశారు, ఇవాళ పరిశోధకులు వెతుక్కుంటూ ఆమదాలవలసలో రైలు దిగి అక్కడికి వస్తున్నారు. మన ఊరి కవులు సభల్లో చదివి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయిన కవితలు ఎన్ని పోయాయో తలుచుకుంటే నాకు నిజంగా గుండె బరువెక్కుతుంది.

శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, ఐదుగురు ముఖ్య అతిథులు మాత్రం వద్దే వద్దు. ఈ మాట ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, చాలా ఏళ్ళ కిందట పక్క ఊళ్ళో ఒక కవిసమ్మేళనానికి వెళ్ళాను. సాయంత్రం ఐదింటికి అన్నారు, కవులు ముప్ఫైమంది పైనే వచ్చారు. ఎనిమిదిన్నర దాకా వేదిక మీద పెద్దలే మాట్లాడారు. తర్వాత కవులకి తలా ఒక్క నిమిషం అన్నారు. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నా పక్కనే కూర్చుంది, కాగితం చేతిలో నలిగిపోయి ఉంది, తొమ్మిది దగ్గరపడుతుంటే ఆఖరి బస్సు పోతుందండీ అని చదవకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఏం రాసిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఏ సభలోనూ కనపడలేదు. నేను ఆపి, వేదిక దగ్గరికి తీసుకెళ్ళి, ముందు ఈ పిల్లని చదవనివ్వండి అని అడగాల్సింది. అడగలేదు. అప్పటినుంచి మా సభలో దూరం నుంచి వచ్చినవాళ్ళ పేర్లు ముందు పిలుస్తాం, ఊళ్ళో వాళ్ళం చివర చదువుతాం.

కాబట్టి తమ్ముడూ, నీది నెల్లిమర్ల అవతల పల్లె అన్నావు కదా, ఆదివారం అరగంట ముందే వెళ్ళు. పేర్లు రాసుకునే వాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో చెప్పు, మొదట్లోనే పిలుస్తారు, చదివాక బస్సు వేళ దాకా కూర్చుని వినొచ్చు. ముందు వరసలో కాకుండా మూడో వరసలో చివరి కుర్చీ చూసుకుంటే లేచి వెళ్ళడం, వచ్చి కూర్చోవడం సులువు. మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళు. ఏ రెండు కవితలు తీసుకెళ్ళాలో తేలకపోతే శుక్రవారం లోపల నాకు మెసేజ్‌లో పెట్టు, గట్టిగా చదివి చూసి ఏ లైను నా చెవిలో ఉండిపోయిందో చెప్తాను.